తెల్లగా కనిపించేదంతా రక్తం కాదు

మొన్న భీమిలి అవతల ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద వేటకెళ్ళిన మనిషి. ఇప్పుడు వీధి చివరిదాకా నడిస్తే చాలు, పిక్క పట్టేస్తోంది. కుడికాలి బొటనవేలి కొస నల్లబడింది. షుగర్ పదిహేనేళ్ళ నుంచీ ఉంది, క్రియాటినిన్ 1.9, అంటే కిడ్నీలూ మందగించాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో వేరేచోట తీయించుకున్న సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) ఫిల్ములు. మందు ఎక్కించే సూదిగొట్టం, కాన్యులా, పెట్టడానికి చెయ్యి చాపమంటే చాపలేదు.

"మళ్ళా సూదేనేటి బాబూ? మొన్నే గుచ్చీసినారు కదా. ఆ బొమ్మలో ఏటి తప్పొచ్చింది?"

విశాఖలో కేజీహెచ్ పెద్దాసుపత్రి చుట్టూ మహారాణిపేట సందుల్లో ఉన్న స్కాన్ సెంటర్లలో ఒకదాంట్లో నేను సీటీ టెక్నీషియన్‌ని. ఈ ప్రశ్న చాలామంది చాలా రకాలుగా అడిగారు గానీ ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆ పూట ఆయనకి రెండు ముక్కల్లో ఏదో చెప్పి పని కానిచ్చాను. తీరిగ్గా చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఫిల్ముల్లో తొడ వరకూ బొమ్మ బాగానే ఉంది. గొడవంతా మోకాలి కింద. అక్కడి నుంచి పాదానికి మూడు ధమనులు వెళ్తాయి: ముందు టిబియల్, వెనుక టిబియల్, పెరోనియల్. మూడూ ఫిల్ములో తెల్లగా, ముత్యాల దండల్లాగా మెరిసిపోతున్నాయి. చూసేవాళ్ళకి రక్తం నిండుగా పారుతోందనే అనిపిస్తుంది. కానీ పదిహేనేళ్ళ షుగర్ ఉన్న కాలిలో ధమని గోడకి కాల్షియం పడుతుంది, అదీ తెల్లగానే కనిపిస్తుంది. సర్జన్‌కి కావలసింది ఒక్కటే మాట: ఈ మూడింట్లో పాదం దాకా తెరుచుకుని ఉన్నది ఏది? ఆ ఫిల్ములు దానికి జవాబివ్వలేకపోయాయి. తెల్లనివన్నీ పాలని నమ్మి, నాళం తెరవడానికి లోపలికి బెలూన్ వేయలేం కదా.

రెండు తెలుపులు

సీటీ బొమ్మలో ప్రతి చుక్క వెనుకా ఒక అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. సీటీ యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద వీటిని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు. కండరం 60 దగ్గర ఉంటుంది. మందు ఎక్కించని రక్తం కూడా దాదాపు అక్కడే ఉంటుంది, అందుకే మామూలు సీటీలో రక్తనాళం పక్కనున్న కండలో కలిసిపోయి కనబడదు. సిరలోకి అయోడిన్ ఉన్న కాంట్రాస్టు మందు పంపిస్తే ధమనిలో అంకె 300 దాకా లేస్తుంది, నాళం వెలుగుతుంది. సీటీ యాంజియో అంటే ఇంతే. కాల్షియం గడ్డ అంకె మాత్రం ఏ మందూ లేకుండానే నాలుగు వందల నుంచి వెయ్యి పైదాకా ఎంతైనా ఉండొచ్చు.

కాల్షియంతో ఇంకో తిప్పలుంది. మోకాలి కింది ధమని వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. దాని గోడకి అర మిల్లీమీటరు సున్నపు పలుకు అంటుకుందనుకోండి. అది ఒక చుక్కలో సగమే నిండినా, దాని అంకె అంత పెద్దది కాబట్టి ఆ చుక్క మొత్తం తెల్లబడుతుంది, పక్క చుక్కకీ అంటుకుంటుంది. గోడ మీది పలుకు బొమ్మలో ఉబ్బిపోయి దారి మొత్తం మూసేసినట్టు కనిపిస్తుంది. దీన్నే మేం బ్లూమింగ్ అంటాం. నిజంగా సగం మూసుకున్న నాళం కూడా ఫిల్ములో పూర్తిగా మూసుకుపోయినట్టు ఉంటుంది.

మరి రెండు తెలుపుల్నీ విడదీయడం ఎలా? ఉప్పూ పంచదారా పక్కపక్కన పోస్తే కంటికి తేడా తెలియదు, ఒక పలుకు నాలుక మీద వేసుకోవాలి. ఎక్స్‌రేకి అలాంటి నాలుక రెండో ఎనర్జీ. ఒకే చోటుని ఒకసారి తక్కువ ఎనర్జీతో, ఒకసారి ఎక్కువ ఎనర్జీతో చూస్తే ఏ పదార్థం ఎంత మారిందో దాన్నిబట్టి అదేమిటో తేలుతుంది. దీన్నే డ్యూయల్ ఎనర్జీ అంటాం. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. లండన్‌లో మొదటి రోగికి సీటీ తీసింది 1971లో. 1973లో అచ్చయిన పత్రంలోనే హౌన్స్‌ఫీల్డ్ ఈ మాట రాశాడు: ఒకే పొరని ఎక్స్‌రే ట్యూబు వోల్టేజీ 100 కేవీ (కిలోవోల్టులు) దగ్గర ఒకసారి, 140 కేవీ దగ్గర ఒకసారి తీసి పోల్చితే అయోడిన్‌నీ కాల్షియాన్నీ వేరుచేయొచ్చని. అప్పటి యంత్రం ఒక్క పొర తీయడానికి నిమిషాలు పట్టేది. రెండోసారి తీసేలోపు మనిషి కదిలిపోతే పోలిక ఏం మిగులుతుంది? ఆలోచన ముప్పై ఏళ్ళకి పైగా చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. రెండు ఎక్స్‌రే ట్యూబులున్న సీటీలు 2006 ప్రాంతంలో ఆసుపత్రులకి వచ్చాకే అది రోజువారీ పనిలోకి దిగింది.

కారణం పరమాణువులో ఉంది. తక్కువ ఎనర్జీ ఎక్స్‌రేని బరువైన పరమాణువుల లోపలి ఎలక్ట్రాన్లు ఇట్టే పట్టేసుకుంటాయి. అయోడిన్ పరమాణు సంఖ్య 53, కాల్షియానిది 20. పైగా అయోడిన్‌కి 33 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక మెట్టు ఉంది. ఎనర్జీ దాని దగ్గరికి దిగుతున్న కొద్దీ అయోడిన్ మింగే ఎక్స్‌రే ఒక్కసారిగా పెరిగిపోతుంది. 140 కేవీలో ఉన్న అయోడిన్ అంకె 80 కేవీకి వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది. కాల్షియం కూడా పెరుగుతుంది గానీ అంతగా పెరగదు. కండరం, నీరు ఉన్నచోటే ఉంటాయి. యంత్రం పట్టుకునేది ఈ పెరుగుదలలోని తేడానే.

ఆ రెండు ఎనర్జీలు తెచ్చుకోవడానికి ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. ఒకరు రెండు ట్యూబులు పెట్టారు. ఒకరు ఒకే ట్యూబు వోల్టేజీని రెప్పపాటు కంటే వేగంగా పైకీ కిందికీ మారుస్తారు. మరొకరు ట్యూబుని ముట్టుకోకుండా డిటెక్టర్‌ని రెండు పొరలు చేశారు: పై పొర మెత్తటి ఎక్స్‌రేని పట్టుకుంటే, కింది పొర గట్టిదాన్ని పట్టుకుంటుంది. కిరణానికే అడ్డంగా రెండు లోహాల ఫిల్టర్ పెట్టి సగం సగం విడదీసేవాళ్ళూ ఉన్నారు. ఏది గొప్ప అని అమ్మకాలవాళ్ళు గంటలకొద్దీ చెబుతారు. నేను చూసినంతలో, యంత్రం ఏదన్నదానికంటే దాని ముందు కూర్చున్నవాళ్ళు దాన్ని ఎంత తెలిసి వాడుతున్నారన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. రెండు ట్యూబులంటే రేడియేషన్ రెట్టింపా అని కూడా అడుగుతుంటారు. అవసరం లేదు. ఉన్న మోతాదునే రెండింటికీ పంచుతారు.

మూడింతల వెలుగు, మూడింతల ఇసుక

రెండు ఎనర్జీల లెక్క చేతికొచ్చాక కంప్యూటర్ ఒక గారడీ చేస్తుంది. నిజంగా తీయని ఎనర్జీల దగ్గర కూడా బొమ్మ ఎలా ఉండేదో లెక్కగట్టి చూపిస్తుంది. వీటిని మోనో బొమ్మలంటాం. 40 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు) నుంచి 190, కొన్ని యంత్రాల్లో 200 దాకా, కన్సోల్ మీద ఒక గీతని అటూ ఇటూ జరిపితే చాలు. 70 దగ్గర ఉన్నది చూడటానికి మామూలు 120 కేవీ సీటీలాగే ఉంటుంది. అక్కడి నుంచి 40కి దించితే అయోడిన్ వెలుగు సుమారు మూడు రెట్లవుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు నోరు తెరుస్తారు. నేనూ తెరిచాను.

అయితే 40కి దించేస్తే బొమ్మ బాగుపడిపోయినట్టేనా? ఇక్కడే చాలామంది పొరబడేది. బొమ్మ నాణ్యతని వెలుగు ఒక్కటే తేల్చదు. వెలుగు పక్కనే ఇసుక ఉంటుంది. ఎక్స్‌రే డిటెక్టర్ మీద పడటం చినుకులు పడటం లాంటిది. వాన మొదలయ్యేటప్పుడు గచ్చు చూడండి: ఒక పలక మీద ఆరు చుక్కలు, పక్క పలక మీద రెండే. వాన ముదిరాక గచ్చంతా ఒకే తడి. ఎక్స్‌రే కణాలు తక్కువైతే ఒకే కండరంలో ఒక చుక్క 40 అని, పక్క చుక్క 80 అని వస్తుంది. బొమ్మ మీద ఇసుక చల్లినట్టుంటుంది. దాన్నే నాయిస్ అంటాం. ఇది సగమవ్వాలంటే రేడియేషన్ నాలుగింతలు కావాలి. ఆ బేరం ఎవరికీ అక్కర్లేదు.

లెక్క కోసం కొన్ని అంకెలు తీసుకుందాం. ధమని 300, పక్క కండరం 60, నాయిస్ 20. వెలుగులో తేడా 240. దాన్ని ఇసుకతో భాగిస్తే 12. నాళం కంటికి ఎంత స్పష్టంగా విడిపోతుందో చెప్పేది ఈ 12. ఇప్పుడు 40 కేఈవీకి దించండి. తేడా మూడింతలై 720కి పోయింది. కానీ మొదటి తరం మోనో బొమ్మల్లో నాయిస్ కూడా అలాగే ఎగబాకేది. అది 60 అయిందనుకుంటే 720ని 60తో భాగించాలి. మళ్ళీ 12. బొమ్మ తెల్లగా మెరిసింది, విలువ మాత్రం అణా పెరగలేదు. అందుకే అప్పట్లో చాలామంది 60, 70 దగ్గరే ఆగిపోయేవారు.

తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ ఒక తెలివైన పని చేసింది. ప్రతి బొమ్మనీ రెండుగా విడదీస్తుంది: స్థూలంగా ఉండే వెలుగునీడలు ఒక భాగం, సన్నటి రవ్వంతా ఇంకో భాగం. వెలుగుని 40 దగ్గరి బొమ్మ నుంచి తీసుకుంటుంది, రవ్వని ఇసుక అతి తక్కువగా ఉండే 70 దగ్గరి బొమ్మ నుంచి తీసుకుని రెండూ అతికిస్తుంది. పెళ్ళిభోజనంలో కూర ఒకరింట్లో, పులుసు ఒకరింట్లో వండించినట్టు. మన లెక్కలో నాయిస్ 60కి బదులు 30 దగ్గర ఆగితే 720ని 30తో భాగించి 24. ఇప్పుడు నిజంగా రెట్టింపయింది.

ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఆ రెట్టింపు నాణ్యతని బొమ్మ మెరుపుకే ఖర్చుపెట్టాలని ఎక్కడా లేదు. మందు తగ్గించడానికీ ఖర్చుపెట్టొచ్చు. అయోడిన్ సగమే ఎక్కించామనుకోండి. మామూలుగా 240 రావలసిన తేడా 120 అవుతుంది. 40 కేఈవీలో అది మూడింతలై 360. నాయిస్ 30తో భాగిస్తే 12. సగం మందుతో మొదటి బొమ్మతో సమానమైన బొమ్మ. మన జిల్లాల్లో ఇది చిన్న మాట కాదు. ఉద్దానం నుంచి, కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి కిడ్నీలు దెబ్బతిన్న మనుషులు స్కాన్ కాగితాలు పట్టుకుని విశాఖ బస్సెక్కి వస్తారు. వాళ్ళకి కాంట్రాస్టు ఎక్కించాలంటే డాక్టర్లు పదిసార్లు ఆలోచిస్తారు. అలాంటివాళ్ళ దగ్గర డ్యూయల్ ఎనర్జీ విలువ వెలుగులో కంటే మిల్లీలీటర్లలో ఎక్కువ తెలుస్తుంది.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గానీ రోజూ కొంప ముంచుతుంది. కన్సోల్‌లో యాంజియో బొమ్మకి అలవాటుగా పెట్టే విండో ఒకటుంటుంది, అంటే ఏ అంకె నుంచి ఏ అంకె దాకా నలుపు నుంచి తెలుపు ఛాయల్లో చూపాలో చెప్పే హద్దు. వెడల్పు 600, మధ్య 200 అనుకోండి. అంటే 500 దాటిన ప్రతి చుక్కా ఒకే తెలుపు. 40 కేఈవీలో మన ధమని 780 దగ్గర ఉంది, కాల్షియం అంతకంటే పైన. రెండూ 500 దాటేశాయి కాబట్టి రెండూ ఒకే సున్నపు ముద్ద. ఇంత ఖరీదైన యంత్రం విడదీసి పెట్టినదాన్ని విండో మళ్ళీ కలిపేసింది. వెడల్పు పన్నెండు వందలకో పదిహేను వందలకో పెంచితే గానీ లోపలి దారి బయటపడదు. ఫిల్ము మీద ముద్రించేశాక ఇది మార్చలేం. అందుకే నేను రోగుల బంధువులకి ఫిల్ము కంటే సీడీ భద్రంగా పెట్టుకోమని చెబుతాను. మన జనానికి ఫిల్ము మీద ఉన్న భక్తి సీడీ మీద లేదు.

గదిలో జరిగేది

కంప్యూటర్ ఎంత తెలివైనదైనా, ధమనిలో మందు లేని క్షణంలో తీసిన బొమ్మని బాగుచేయలేదు. బాగోలేదని నా దగ్గరికి తిరిగొచ్చే యాంజియోల్లో సగానికి సగం తప్పు సూది దగ్గరో, టైమింగ్ దగ్గరో జరిగినదే.

సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున హనుమంతవాక దగ్గర నిలబడి జనప్రవాహాన్ని ఫొటో తీయాలనుకోండి. తొందరపడి ముందే తీస్తే ఖాళీ రోడ్డు. ఆలస్యమైతే గుంపు అప్పూఘర్ వైపు దాటిపోయి, వెనకబడ్డ నలుగురూ, మజ్జిగ పంచేవాళ్ళూ మిగులుతారు. ధమనిలో మందు కూడా అలా ఒక గుంపుగా వస్తుంది, పోతుంది. ఆలస్యమైతే ధమని వెలవెలబోవడమే కాదు, పక్కనున్న సిరలు వెలగడం మొదలెడతాయి. పాదంలో పుండున్నవాళ్ళకి సిరలు ఇంకా తొందరగా వెలుగుతాయి, అప్పుడు ఏది ఏదో తేల్చుకోవడం పెద్ద తలనొప్పి.

అందుకని పొట్టలో పెద్ద ధమని మీద ఒక చిన్న వృత్తం గీసి, మందు అక్కడికి చేరి అంకె ఒక గీత దాటగానే స్కాన్ మొదలయ్యేలా పెడతాం. మామూలుగా ఆ గీత 150 దగ్గర ఉంటుంది. సగం మందు ఎక్కించేటప్పుడు ఆ గీతని కూడా కిందికి దించాలి. ఇది మరిచిపోతే యంత్రం రాని గుంపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, ఈలోగా ఉన్నదీ దాటిపోతుంది. ఒకసారి నేనే మరిచిపోయాను. చేత్తో బటన్ నొక్కేసరికి తొడలు వచ్చాయి, పాదాలు రాలేదు.

కాళ్ళ విషయంలో దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. కొత్త యంత్రాల్లో బల్ల చాలా వేగంగా కదులుతుంది. రక్తం మాత్రం బ్లాకులున్న కాలిలో నింపాదిగా నడుస్తుంది. బల్ల మందుని దాటి ముందుకెళ్ళిపోతే పాదం దగ్గర ఖాళీ నాళాలు వస్తాయి. ఆ ఖాళీని బ్లాకు అని చదివే ప్రమాదముంది. అందుకే కాళ్ళకి బల్లని కావాలనే నెమ్మదిగా నడుపుతాం. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకైతే ఇంకా నెమ్మదిగా.

మందు తగ్గించడంలోనూ ఒక కిటుకుంది. నూట ఇరవై మిల్లీలీటర్లకి బదులు అరవై ఎక్కిస్తే, సెకనుకి నాలుగు చొప్పున పదిహేను సెకన్లలో అయిపోతుంది. గుంపు పొడవు సగమైపోయింది, పాదం చేరేలోపే తోక వచ్చేస్తుంది. దానికి బదులు ఇంజెక్టర్‌లోని రెండు సిరంజీల్నీ కలిపి నడిపి సగం మందు, సగం సెలైన్ పంపిస్తాం. అప్పుడు వేగం తగ్గదు, ముప్పై సెకన్లూ తగ్గవు, పలచన మాత్రమే అవుతుంది. ఆ పలచనని తక్కువ కేఈవీ భర్తీ చేస్తుంది. వెనకాల ఇంకొంచెం సెలైన్ తోస్తే చేతి సిరలో చిక్కుకున్న మందు కూడా వృథా కాకుండా ముందుకి జరుగుతుంది. మందుని ఒంటి వేడికి వెచ్చబెట్టి వాడితే జిగట తగ్గి సూదిలో సాఫీగా పోతుంది.

పడుకోబెట్టడం గురించి ఎవరూ రాయరు గానీ నేను రాస్తాను. రెండు ట్యూబుల యంత్రంలో రెండో ట్యూబు చూసే వలయం చిన్నది. మొదటి తరంలో 26 సెంటీమీటర్లే, తర్వాత 33, ఆ తర్వాత 35 అయింది. ఆ వలయం బయట పడ్డ కండకి రెండో ఎనర్జీయే లేదు, అక్కడ అయోడిన్‌నీ కాల్షియాన్నీ విడదీయడమూ కుదరదు. మనిషిని సరిగ్గా మధ్యలో పడుకోబెట్టకపోతే ఒక కాలి అంచు తెగిపోతుంది. భారీకాయులకి 80 కేవీ కిరణం పొట్ట దాటి బయటికే రాదు, కాబట్టి తక్కువ ఎనర్జీని 90కో 100కో పెంచుకోవాలి. ఎక్కువ ఎనర్జీ ట్యూబుకి తగరం ఫిల్టర్ ఉంటే, దానిలోని మెత్తటి కిరణాలు వడబోసుకుపోయి రెండు ఎనర్జీల మధ్య దూరం పెరుగుతుంది. తేడా ఎంత స్పష్టమైతే అయోడిన్, కాల్షియం అంత శుభ్రంగా విడిపోతాయి. ఇక పాదాలు రెండూ కదలకుండా ప్లాస్టర్‌తో కట్టేస్తాం. ఇలా ఎందుకు కడుతున్నారని అడిగితే, ముప్పై సెకన్లు నిప్పు మీద పడ్డట్టు ఒళ్ళు వెచ్చబడుతుంది, కాలు దానంతటదే కదులుతుంది అని చెబుతాను.

చెరిపేసిన ధమని

డ్యూయల్ ఎనర్జీలో అందరికీ నచ్చే బొమ్మ ఒకటుంది. కాల్షియాన్ని గుర్తుపట్టి, ఎముకతో సహా తీసేసి, అయోడిన్‌ని మాత్రమే మిగిల్చిన బొమ్మ. నల్లటి నేపథ్యం మీద ధమనుల చెట్టు. ఫిల్ము మీద చాలా అందంగా ఉంటుంది. రోగి కొడుకు దాన్నే ఫోన్‌లో ఫొటో తీసుకుంటాడు.

కొన్నేళ్ళ కిందట నేనొక కేసులో ఆ అందమైన బొమ్మల్ని ముందు పెట్టి, మూల బొమ్మల్ని సీడీలో అడుగున పడేశాను. చీలమండ దగ్గర ధమని వేలెడంత మేర మాయమై ఉంది. బ్లాకు అని రిపోర్టు వెళ్ళింది. తర్వాత క్యాథ్‌ల్యాబ్‌లో గొట్టం పెట్టి చూస్తే అక్కడ రక్తం పారుతూనే ఉంది. మూల బొమ్మలు తీసి చూసుకున్నాను. గోడ నిండా కాల్షియం, మధ్యలో సన్నటి దారి. అంత సన్నటి నాళంలో ఒకే చుక్కలో సగం కాల్షియం, సగం అయోడిన్ ఉంటాయి. యంత్రం దాన్ని కాల్షియం లెక్కలో వేసి దారితో సహా తుడిచేసింది. లేని బ్లాకుని నా బొమ్మే తయారుచేసింది.

తొడలో, పొట్టలో నాళాలు పెద్దవి కాబట్టి ఈ తుడుపు చాలావరకు నమ్మదగ్గదే. మోకాలి కింద మాత్రం దాన్ని ఒంటరిగా చూడకూడదు. ఎక్కడ నాళం తెగినట్టుందో అక్కడ మూల బొమ్మలో అడ్డకోత పెట్టి చూడాలి. ఇప్పుడు మా దగ్గర రెండూ పక్కపక్కనే పెట్టి పంపిస్తాం. ఏదో ఒకటే చూస్తానంటే, అందంగా లేనిదాన్ని చూడమంటాను.

కేఈవీ ఎంపిక కూడా అంతే, అడిగే ప్రశ్నని బట్టి మారాలి. సన్నటి నాళంలోకి అయోడిన్ వెళ్ళిందా లేదా అన్నదానికి 40 నుంచి 55. మందు సరిగా అందక వెలవెలబోయిన బొమ్మని గట్టెక్కించడానికీ అదే దారి, దీనివల్ల రెండోసారి సూది తప్పిన రోగులు నాకు గుర్తున్నారు. కాల్షియం ఎంత దారి మూసింది, స్టెంట్ లోపల ఏముంది అని చూడాలంటే మాత్రం పైకి పోవాలి. ఎనర్జీ పెరిగితే సున్నం ఉబ్బు తగ్గుతుంది, తుంటిలో పెట్టిన లోహపు కీలు నుంచి వచ్చే నల్లగీతలు కూడా తగ్గుతాయి. అయోడిన్ కూడా వెలవెలబోతుందనుకోండి, అది వేరే సంగతి. ఒకే స్కాన్ నుంచి రెండు మూడు బొమ్మలు తీసుకోవడమే ఈ యంత్రం కొన్నందుకు న్యాయం. రోజంతా ఒకే సెట్టింగ్‌లో నడిపే చోట డ్యూయల్ ఎనర్జీ బోర్డు మీద మాత్రమే ఉన్నట్టు.

నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ని కూడా మితంగానే వాడుకోవాలి. బొమ్మని మళ్ళీ మళ్ళీ లెక్కగట్టి ఇసుకని తుడిచేవి, డీప్ లెర్నింగ్ అనే ఏఐ పద్ధతితో తుడిచేవి ఇప్పుడు చాలా వచ్చాయి, నిజంగానే పనికొస్తున్నాయి. కానీ బలం ఎక్కువ పెడితే కండరం మైనపు బొమ్మలా నున్నగా అయిపోతుంది, అంచులు కరిగిపోతాయి. ఇసుకతో పాటు రెండు మిల్లీమీటర్ల ధమని కూడా తుడిచిపెట్టుకుపోతే, మిగిలిన నునుపు ఎవరికి కావాలి?

కొత్తగా వచ్చిన ఫోటాన్ కౌంటింగ్ సీటీ ఈ చిక్కుల్లో కొన్నిటిని మొదట్లోనే తుంచేస్తుంది. దాని డిటెక్టర్ కాడ్మియం టెల్యురైడ్ స్ఫటికం. ఎక్స్‌రేని ముందు వెలుగుగా మార్చి ఆ తర్వాత కొలిచే పాత పద్ధతి వదిలేసి, పడ్డ ప్రతి కణాన్నీ విడిగా లెక్కపెట్టి దాని ఎనర్జీ ఎంతో కూడా రాసుకుంటుంది. అంటే ప్రతి స్కానూ పుట్టుకతోనే బహుళ ఎనర్జీ స్కాన్. డిటెక్టర్ చుక్క చిన్నది కాబట్టి సున్నం ఉబ్బు కూడా తక్కువ. 2021లో అమెరికా దీనికి అనుమతిచ్చింది. ధర వింటే మా సెంటర్ యజమాని మాట మారుస్తాడు.

భీమిలి పెద్దాయన దగ్గరికి వస్తే, డాక్టర్లు ఒప్పుకున్నాక అరవై మిల్లీలీటర్ల మందుని సెలైన్‌తో కలిపి పంపించాను. గీత కిందికి దించాను. బల్ల నెమ్మదిగా నడిపాను. కాల్షియం తీసేసిన బొమ్మలో వెనుక టిబియల్ లేదు, పెరోనియల్ చీలమండ దాకా నిండుగా ఉంది, ముందు టిబియల్ మధ్యలో అంగుళంన్నర మేర మాయం. మూల బొమ్మ 50 కేఈవీలో పెట్టి విండో వెడల్పు చేస్తే, ఆ మాయమైన చోట సున్నపు పెంకు పక్కన దారంలా ఒక గీత. రేడియాలజిస్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. 100కి పెంచి చూసింది. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు.

ప్లాస్టర్ విప్పుతుంటే ఆయన లేచి కూర్చున్నాడు.

"ఈపాలైనా బాగొచ్చిందేటి?"

"ఒక దారి బాగా కనబడింది మావయ్యా. ఇంకోటి పూర్తిగా మూసుకుపోయింది. మూడోదాని దగ్గర మాత్రం కొంచెం అనుమానం."

కాసేపు పాదం వైపు చూసుకున్నాడు.

"మరయితే అనుమానమనే రాసీమను డాక్టరమ్మని. మొన్నటోళ్ళు అన్నీ బాగున్నాయని రాసీసినారు."